లీటరుకు ముప్పై

తూనికలు కొలతల శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వెలగబెడుతున్న ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప అది మరెక్కడా వాడుకలో లేదు. ఊళ్ళోని పెట్రోలు బంకుల వాళ్ళందరూ కలిసి ఆయనకు మిల్లీలీటరు గారు అని నామకరణం చేశారు. ఐదు లీటర్లు పట్టే కొలపాత్ర చేత పట్టుకుని ఆయన జీపు దిగాడంటే, బంకు మేనేజరు తాగుతున్న టీ అక్కడే వదిలేసి చొక్కా గుండీలు సర్దుకునేవాడు.

ఆయన పాత్రలోకి పెట్రోలు పట్టించేవాడు. నురగ అణిగేదాకా ఆగేవాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, పాత్ర మెడ దగ్గరున్న గీతకు సరిగ్గా కన్ను ఆనించి, ఊపిరి బిగపట్టి చూసేవాడు.

"ఆరు మిల్లీలీటర్లు తక్కువ" అనేవాడు. "ఉండాల్సిన వెసులుబాటు పోగా."

"ఆరంటే ఎంత సార్, రెండు కన్నీటి బొట్లు" అని మేనేజరు గొంతు తగ్గించేవాడు.

"నాదేముందయ్యా. గీత చెబుతోంది."

పంపుకు సీలు పడేది. ఆయన లంచం తీసుకోడని అందరూ ఒప్పుకునేవారు. తీసుకుని ఉంటే మనశ్శాంతిగా ఉండేదని కూడా అందరూ ఒప్పుకునేవారు.

ఇలాంటి మనిషి కారు కొనాలనుకుంటే మామూలు కారు కొంటాడా. రెండేళ్ళు విచారించి, నలుగురు మెకానిక్కులను విసిగించి, హైబ్రిడ్ కారు కొన్నాడు. కొన్న మర్నాటి నుంచి ఆఫీసులో భోజన విరామానికి ఉపన్యాస విరామమని పేరు మారింది.

"ఇందులో పెట్రోలు ఇంజనూ ఉంది, కరెంటు మోటారూ ఉంది" అని మొదలుపెట్టేవాడు. "నెమ్మదిగా పోతే మోటారు లాగుతుంది, పెట్రోలు చుక్క ఖర్చవదు. గట్టిగా తొక్కితేనే ఇంజను లేస్తుంది. ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చెయ్యాల్సిన పని లేదు. బ్రేకు వేస్తే ఆ ఊపంతా కరెంటై బ్యాటరీలోకి వెళ్తుంది. నీ బండికి బ్రేకు వేస్తే ఏమవుతుందయ్యా?"

"ఆగుతుంది సార్" అనేవాడు అటెండరు.

"ఆగి ఊరుకుంటుంది. నాది ఆగుతూ సంపాదిస్తుంది."

మూడో వారానికల్లా సిబ్బందిలో సగం మంది క్యారియర్లు పట్టుకుని వరండాలోకి వలస పోయారు. అటెండరు మాత్రం కదల్లేదు. అతని బల్ల ఆయన గది గుమ్మం పక్కనే ఉంది, పాపం.

కారులో స్టీరింగు పక్కన ఒక తెర ఉండేది. నెమ్మదిగా నడిపితే దాని మీద ఒక్కొక్కటిగా పచ్చటి ఆకులు మొలిచేవి. ఐదు మొలిస్తే అంతకు మించిన డ్రైవింగ్ లేదన్నమాట. పెడల్ కాస్త గట్టిగా తొక్కితే చాలు, ఆకులు రాలిపోయేవి. అడుగున ఒక అంకె ఉండేది: ఈ ట్యాంకు నింపినప్పటి నుంచి ఈ క్షణం దాకా లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో సగటు. ఆయన చూపు రోడ్డు మీద ఎంతసేపుండేదో ఈ అంకె మీదా అంతసేపుండేది.

"మనకి పెళ్ళై ఇరవై ఏడేళ్ళు" అని ఒకసారి ఆయన భార్య వెనక సీట్లోంచి అంది. "ఆ పెడల్ మీద కాలు పెట్టినంత నాజూగ్గా నాతో ఒక్క మాట మాట్లాడారా ఏనాడైనా?"

ఆయన చూపు తెర మీదే ఉంది. ఐదో ఆకు మొలవబోతోంది.

ఈ కారుకు ఇంకొక విశేషముంది. మామూలు కార్లు ఊరి బయట ఖాళీ రోడ్ల మీద తక్కువ తాగి, ఊళ్ళో ట్రాఫిక్‌లో ఎక్కువ తాగుతాయి. హైబ్రిడ్ తంతు దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వేగంగా పోయే చోట ఇంజను నడవక తప్పదు. ఆగుతూ, పాకుతూ పోయే చోట మోటారే బండి లాగేస్తుంది, పైగా ప్రతి బ్రేకుకూ బ్యాటరీలో కాస్త జమ. కాబట్టి ఎర్రలైటు చూసి మొహం వికసించే ప్రాణి ఊరు మొత్తానికి మిల్లీలీటరు గారొక్కడే. వెనక వాళ్ళు హారన్లు కొడుతుంటే వాళ్ళ అజ్ఞానానికి జాలిపడేవాడు.

కంపెనీ పుస్తకంలో లీటరుకు ఇరవై ఏడని రాసి ఉంది. ఈ ట్యాంకు పూర్తయ్యేలోగా ముప్పై చూపిస్తానని ఆయన ఆఫీసులో అందరి ముందూ ప్రకటించాడు. మూడు వారాలుగా అటెండరుది రోజూ ఉదయం ఒకటే ప్రశ్న.

"ఎంతదాకా వచ్చింది సార్?"

"ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు."

"ఇంక సీలు వేసెయ్యండి సార్, బతికిపోతాం."

ఆయనకు ఒక అక్క ఉంది. రెండు వీధుల అవతల ఇల్లు. బావ ముప్పై ఏళ్ళు పత్రిక ప్రెస్సులో యంత్రం పక్కన పనిచేశాడు. ఆ చప్పుడులో ఆయన చెవులు రెండూ పోయాయి. రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు పెట్టుకుంటే ఎదుటివాడు గట్టిగా అరిచిన మాట మాత్రం అందుతుంది. అవి తీసేస్తే లోకం పూర్తిగా మూగది. కానీ అక్క పెదాలు కదిలిస్తే చాలు, ఆయనకు ప్రతి మాటా తెలుస్తుంది. మరెవరి పెదాలూ ఆయనకు అర్థం కావు. ఏళ్ళ తరబడి ప్రెస్సు చప్పుడులోంచి ఇంటికి వచ్చి ఆ ఒక్క మొహాన్నే చదువుకున్నాడు మరి.

కారు కొన్న కొత్తలో తమ్ముడు గారు బావను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు.

"చూశావా బావా, చప్పుడే లేదు" అని అరిచాడు.

"నాకు అన్ని కార్లూ హైబ్రిడ్లేనయ్యా" అన్నాడు బావ. "మీరంతా అంత డబ్బు పోసి కొనుక్కున్నది నాకు ప్రెస్సు వాళ్ళు ఊరికే ఇచ్చారు."

ఆ బావకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు పదకొండింటికి ఆపరేషన్ అన్నారు. వార్డులో రాత్రి పూట తోడు ఎవరినీ ఉండనివ్వరు గనక సాయంత్రం అక్క ఇంటికి వచ్చేయాల్సి వచ్చింది. బయలుదేరేముందు బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన దేనికీ భయపడే మనిషి కాడు, లేదా భయపడినట్టు ఎవరికీ తెలియనివ్వని మనిషి.

"లోపలికి తీసుకెళ్ళేముందు ఈ మిషన్లు తీసేస్తారట" అన్నాడు. "అప్పుడు నువ్వు నా ఎదురుగా ఉండు. వాళ్ళేం అడుగుతున్నారో నువ్వు చెప్పు. ఆ తలుపు దాకా ఉంటే చాలు. అవతల ఎలాగూ మత్తిస్తారు."

"పదింటికే వచ్చేస్తాను" అంది అక్క. ఈ సంగతంతా ఆమె తమ్ముడికి చెప్పింది. ఆయన విన్నాడు. తనకు తెలియదని ఆయన తర్వాత ఎప్పుడూ అనలేకపోయింది ఇందుకే.

మర్నాడు తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుందనగా ఆస్పత్రి నుంచి అక్కకు ఫోన్. ముందున్న పేషెంటుకు జ్వరం వచ్చిందట, ఆపరేషన్ వాయిదా వేశారట, ఈయన్ని తొమ్మిదిన్నర దాటగానే తీసుకెళ్తారట. ఐదు నిమిషాల్లో మిల్లీలీటరు గారి కారు అక్క గుమ్మం ముందుంది. ఇంతవరకూ ఆయన్ని ఎవరూ తప్పుపట్టడానికి లేదు.

అక్క ఒళ్ళో సంచీతో ముందు సీట్లో కూర్చుంది. నాలుగు వీధులు దాటాక కూడలి వస్తుంది. ఎడమకు తిరిగితే బైపాస్: దూరం కాస్త ఎక్కువే, కానీ ఒక్క సిగ్నలూ లేదు, పాతిక నిమిషాల్లో ఆస్పత్రి. నేరుగా వెళ్తే ఊరి మధ్య రోడ్డు: పదకొండు సిగ్నళ్ళు.

"బైపాసే కదా?" అంది అక్క.

ఆయన తెర వంక చూశాడు. ఇరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది. బైపాస్ ఎక్కితే మొత్తం దారంతా ఇంజను నడుస్తుంది. మూడు వారాల కష్టం పాతిక నిమిషాల్లో పాయింట్ ఏడుకో ఎనిమిదికో జారుతుంది. ట్యాంకులో మిగిలింది తక్కువ, మళ్ళీ పైకి తేవడం కుదరదు. ఇదంతా ఆలోచించడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది. లెక్కలో ఆయన ఎప్పుడూ చురుకే.

"అటు రోడ్డు పని జరుగుతోందక్కా" అన్నాడు. "ఇటే నయం."

రోడ్డు పని ఏమీ జరగడం లేదు. ఆ మాట ఎంత అలవోకగా నోట్లోంచి వచ్చిందంటే, మొదటి సిగ్నలు చేరేసరికి ఆయనే దాన్ని సగం నమ్మాడు.

మొదటి సిగ్నలు దగ్గర ఇంజను దానంతటదే ఆగింది. కారులో అక్క గడియారం టిక్కుటిక్కులు వినిపించాయి.

"ఏమిట్రా ఈ ఆకులు?" అంది అక్క, ఏదో ఒకటి మాట్లాడాలని.

ఆయన చెప్పాడు. సంక్షిప్తంగా చెబుదామనే మొదలుపెట్టాడు. మూడో సిగ్నలు దాకా చెప్పాడు.

నాలుగో సిగ్నలు దగ్గర పచ్చలైటు పసుపుకు మారుతోంది. ముందు బండి దాటిపోయింది. ఆయన కాలు మెల్లగా, ప్రేమగా బ్రేకు మీదికి వెళ్ళింది.

"దాటేయొచ్చేమో కదరా, తమ్ముడూ."

"దాటొచ్చుగానీ, ఒక్కసారిగా తొక్కితే కుదుపు వస్తుందక్కా."

"కుదుపుకి నేనేం అరిగిపోనులే."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఏడో సిగ్నలు దగ్గర స్కూలు బస్సు ఒకటి పిల్లల్ని దింపుతుంటే దాని వెనక ఓపికగా ఆగాడు. పక్కనుంచి నాలుగు కార్లు దూసుకుపోయాయి. అప్పటి నుంచి అక్క గడియారం చూసుకోవడం మానేసి తెర వంక చూస్తూ కూర్చుంది. ఐదు ఆకులూ నిండుగా ఉన్నాయి.

ఆస్పత్రి గేటులోకి తిరిగేసరికి తొమ్మిదీ నలభై. కారు పూర్తిగా ఆగకముందే అక్క తలుపు తీసుకుని దిగింది. సంచీ చంకన పెట్టుకుని, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మెట్ల మీద పరుగెత్తింది.

ఆయన కారును చెట్టు నీడకు నడిపాడు. అప్పుడే అంకె మారింది. ముప్పై పాయింట్ సున్నా.

మిల్లీలీటరు గారు ఫోన్ తీశాడు. తెరకు ఒక ఫోటో తీశాడు. వెలుతురు పడి అంకె సరిగ్గా రాలేదనిపించి, చెయ్యి అడ్డం పెట్టి ఇంకొకటి తీశాడు. రెండోది బాగా వచ్చింది. దాన్ని ఆఫీసు గ్రూపులో పెట్టి, కింద 'గీత చెబుతోంది' అని రాసి, అప్పుడు కారు దిగి తాళం వేశాడు.

మూడో అంతస్తులో ఆపరేషన్ థియేటరు తలుపులు మూసి ఉన్నాయి. వాటి ముందు అక్క నిలబడి ఉంది. ఆమె అరచేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో బావ వినికిడి మిషన్లు రెండూ ఉన్నాయి.

"ఇప్పుడేనమ్మా తీసుకెళ్ళింది" అంటోంది నర్సు. "ఆరు నిమిషాలైంది. గుమ్మం వంకే చూస్తూ ఉన్నారు పాపం. మేం ఏం అడిగినా తల ఊపారు."

"రోడ్డు పని జరుగుతోందమ్మా" అంది అక్క. "ఊళ్ళోంచి రావాల్సి వచ్చింది."

ఆయన ఆమె వెనకే ఉన్నాడు. ఆరు అన్న అంకె విన్నాడు.

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఐదు నిమిషాలకు ఆయన జేబులో ఫోన్ వణికింది. మళ్ళీ వణికింది. 'జోహార్లు సార్' అని అటెండరు. సూపరింటెండెంటు చప్పట్ల బొమ్మలు మూడు. వరండాలోకి వలసపోయిన వాళ్ళు కూడా, ఈ గొడవ ఇంతటితో ముగిసిందన్న ఆనందంలో కాబోలు, ఒక్కొక్కరే అభినందనలు పంపుతున్నారు.

"ఎవర్రా అన్నిసార్లు? అర్జంటేమో చూసుకో" అంది అక్క.

"ఆఫీసు వాళ్ళక్కా."

"బావ గురించి అడుగుతున్నారా? మంచివాళ్ళు."

"ఆఁ" అన్నాడాయన.

ఫోన్ నోరు నొక్కేద్దామని జేబులో చెయ్యి పెట్టి మీటలు వెతికాడు. దొరకలేదు. బయటికి తీస్తే ఫోటో కనిపిస్తుందేమోనని తియ్యలేదు. గంటన్నర సేపు అది ఆయన తొడ మీద వణుకుతూనే ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మధ్యాహ్నం ఆయన భార్య కూడా ఆస్పత్రికి వచ్చింది.

"బస్సు బైపాస్ మీదుగా వచ్చింది, పాతిక నిమిషాలు కూడా పట్టలేదు" అంది, సంచీ కింద పెడుతూ. "హాయిగా ఉంది రోడ్డు."

అక్క దుప్పటి మడత పెడుతోంది. తల ఎత్తలేదు. మడత పెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మొదటి నుంచి మడత పెట్టింది. భార్య ఒకసారి ఆమె వంక, ఒకసారి మొగుడి వంక చూసింది.

మర్నాడు బావ మిషన్లు పెట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చుని, తన వీరగాథ తానే చెప్పాడు.

"చెవుల్లోంచి రెండూ తీసి డబ్బాలో పెట్టిందమ్మాయి. అందరి నోళ్ళూ కదులుతున్నాయి. ఏం అడుగుతున్నారో ఎవరికి తెలుసు. అన్నిటికీ ఊఁ అన్నాను. కాలు తీసేస్తామన్నా ఊఁ అనేవాణ్ణే" అని నవ్వబోయి, కుట్లు లాగి ఆగాడు. "తలుపు మూసేదాకా మీ అక్క వస్తుందేమోనని చూశాను. నీ తప్పేముందయ్యా, రోడ్డు తవ్వేస్తే నువ్వేం చేస్తావు."

అక్క ఆ అబద్ధాన్ని చుక్క తగ్గకుండా మొగుడికి అందించిందన్నమాట. అబద్ధం ఆడితే ఆమెకు మెడ మీద ఎర్రటి మచ్చలు వస్తాయని తమ్ముడికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆయన ఆ వైపు చూడలేదు. తన బూట్ల లేసులు చూసుకున్నాడు.

ఆఫీసులో అటెండరు ఆ ఫోటోను పెద్దది చేయించి నోటీసు బోర్డుకు గుచ్చాడు. ముప్పై పాయింట్ సున్నా పైన, మూలగా, తెల్లటి చిన్న అంకెల్లో 9:41 అని టైము కూడా పడింది. ఎవరూ పట్టించుకోలేదు. మిల్లీలీటరు గారు దాని ముందు నిలబడి, పాత్ర మెడ దగ్గర గీతను చూసినట్టు, చాలాసేపు చూశాడు. తర్వాత గుండుసూదులు పీకి, ఫోటోను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఫ్రేమ్ కట్టిస్తారా సార్?" అన్నాడు అటెండరు.

ఆ మధ్యాహ్నం ఒక బంకులో పంపు, వెసులుబాటు పోగా, నాలుగు మిల్లీలీటర్లు తక్కువ పోసింది. మేనేజరు చేతులు నలుపుకుంటూ ఆ పాత మాట కోసం ఎదురుచూశాడు. ఆ మాట రాకుండానే ఆయన నిబంధన ప్రకారం సీలు వేశాడు. వేస్తున్నంతసేపూ మేనేజరు మొహం చూడలేదు.

నాలుగో రోజు బావను పంపించారు. ముందు సీట్లో బావ, పొట్ట మీద దిండు పెట్టుకుని. వెనక అక్క. ఆస్పత్రి గేటు దాటిన వెంటనే ఒక సిగ్నలు ఉంది. కుడికి తిరిగితే బైపాస్. ఎర్రలైటు పడింది. ఇంజను ఆగింది. గాలి కోసం బావ అద్దం దించి ఉన్నాడు.

"అటేనా?" అన్నాడు బావ, కుడి వైపు చూపిస్తూ. "రోడ్డు పని అయిపోయిందా?"

వెనక నుంచి అక్క ఏదో అనబోయింది. బావ ముందుకు చూస్తున్నాడు, ఆమె పెదాలు ఆయనకు కనిపించవు. మిల్లీలీటరు గారు స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు.

"పని లేదు బావా" అన్నాడు.

"ఆ?"

"ఆ రోజు కూడా రోడ్డు పని లేదు."

బావ చెవికి చెయ్యి అడ్డం పెట్టి ఆయన వైపు ఒరిగాడు. "గట్టిగా చెప్పవయ్యా. ఎప్పుడూ అరుస్తావుగా."

మామూలు కారైతే ఇంజను చప్పుడు కాస్త అడ్డు ఉండేది. ఈ కారులో అదీ లేదు.

"రోడ్డు పని అబద్ధం" అని అరిచాడు మిల్లీలీటరు గారు. "మైలేజీ పడిపోతుందని ఊళ్ళోంచి తీసుకొచ్చాను. ముప్పై రావాలని. అందుకే అక్క నీ దగ్గరికి రాలేకపోయింది."

పక్కన స్కూటరు మీదున్నాయన తల తిప్పి చూశాడు. ఆయన వెనక కూర్చున్నామె కూడా చూసింది. బావకు మాత్రం ఆ మాటలు చేరడానికి ఇంకొంచెం సేపు పట్టింది. ఆయన మొహం మీద అవి ఒక్కొక్కటిగా దిగడం కనిపించింది.

పచ్చలైటు పడింది. కారు కుడికి తిరిగి బైపాస్ ఎక్కింది. రెండు కిలోమీటరు రాళ్ళు వెనక్కి పోయాయి.

"వచ్చిందా మరి?" అన్నాడు బావ.

"ఏమిటి?"

"ముప్పై."

"వచ్చింది బావా" అని ఆయన మళ్ళీ అరవాల్సి వచ్చింది.

బావ తల ఊపాడు. థియేటరు గుమ్మం దగ్గర నర్సుకు కూడా ఇలాగే ఊపి ఉంటాడు. తర్వాత కుడి చెవిలోంచి మిషను తీశాడు. ఎడమ చెవిలోంచి కూడా తీశాడు. జేబులోంచి డబ్బా బయటికి తీసి, రెండిటినీ అందులో పెట్టి, మూత నొక్కి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎక్కువసేపు పెట్టుకుంటే చెవులు నొప్పి పుడతాయి ఆయనకి" అంది అక్క వెనక నుంచి. "ఇంకేం లేదు."

మిల్లీలీటరు గారు అద్దంలోకి చూడలేదు. చూస్తే మెడ కనిపిస్తుంది.

"ఖాళీగానే ఉంది కదరా రోడ్డు" అంది అక్క కాసేపాగి. "కాస్త తొందరగా పోనీ. ఈయన పడుకోవాలి."

ఆయన పెడల్ని అడుగంటా తొక్కాడు. ఆకులన్నీ ఒక్కసారే రాలిపోయాయి. ఇంజను లేచి గట్టిగా గర్జించింది. ఆ చప్పుడు కారులో ఇద్దరికే వినిపించింది.